స్క్రూలు లేని పెట్టె

ఎనిమిది పెట్టెల్లో ఆరింటికి వెనక పలకను జిగురు పెట్టి మూసేశాడు మేస్త్రి. మిగిలిన రెండింటికి మాత్రం స్క్రూలు బిగించాడు, ఒక్కో పలకకు పన్నెండు చొప్పున. స్పీకర్లు ఉండే పెట్టెకు వెనక పలక ఊడి రావాలి. ఎప్పుడో ఒకప్పుడు లోపల వైరు ఊడుతుంది, చెయ్యి పెట్టాల్సి వస్తుంది. ఏమీ లేని పెట్టెను ఎవడు తెరుస్తాడు? దానికి జిగురు చాలు.

స్టేజి మీద ఎనిమిది కనబడాలి, మోగేవి రెండే అని తెలిసిన దగ్గర్నుంచి వర్క్‌షాపులో అందరికీ వేళాకోళమే. గరుకు కాగితంతో మంచం కోడు రుద్దుతున్న పాలిష్ ఆయన తల కూడా ఎత్తకుండా అన్నాడు.

"వట్టి గొడ్డుకు అరుపులెక్కువ అంటారు. మీ వట్టి పెట్టెలకు ఆ అరుపులు కూడా లేవేంటి మేస్త్రీ?"

"పెద్ద పెద్ద బ్యాండ్లు కూడా ఇలాగే చేస్తాయయ్యా. మన వెనకాల గోడలా నిలబడాలి. చూసేవాడి గుండె అదరాలి."

"చూస్తేనే అదురుద్దా? వినక్కర్లేదా?"

మేస్త్రి నవ్వాడు. ఈ వారం ఎవరేమన్నా నవ్వుతున్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, పగలంతా అల్మారాలూ మంచాలూ చేసి, వారానికి రెండు సాయంత్రాలు హెవీ మెటల్ బ్యాండులో గిటారు వాయించే మనిషి. ముప్పై మూడేళ్ళుగా అదే పని. బ్యాండు పేరు నాలుగుసార్లు మారింది, డ్రమ్ములు కొట్టేవాళ్ళు తొమ్మిది మంది మారారు, వినేవాళ్ళు మాత్రం ముప్పై మంది దగ్గరే ఆగిపోయారు. అలాంటిది ఈ శనివారం పెద్ద మైదానంలో, ఆరు బ్యాండ్ల కచేరీలో వీళ్ళకీ చోటు దొరికింది. అందరికంటే ముందు, మధ్యాహ్నం మూడున్నరకు, నలభై నిమిషాలు. ఎర్రటి ఎండలో అయితేనేం, మైదానం మైదానమే.

ప్లైవుడ్ అంచును అరచేత్తో తడిమి చూసుకున్నాడు. ఎడమ చేతి చిటికెన వేలికి కొస లేదు. నాలుగేళ్ళ కిందట చెక్కను చిత్రిక పట్టే ప్లేనరు మిషను తినేసింది. తడిమేటప్పుడు ఆ వేలు పలకకు ఆనదు, గాల్లోనే పోతుంది. గిటారు మీద కూడా అంతే. మూడో పాటలో ఒకచోట చిటికెన వేలు బాగా చాపి తీగను నొక్కాలి. ఆ పాట బ్యాండు పెట్టిన కొత్తలో ఆయన కట్టిందే. ప్లేనరు తిన్నాక ఆ చోటు అందడం లేదు. అందకపోయినా రెండు గిటార్ల మోతలో ఎవరికి తెలుస్తుందిలే అని సర్దుకున్నాడు.

స్క్రూల పెట్టెలు రెండింట్లో ఒకటి బ్యాండులోని కుర్ర గిటారువాడికి, ఒకటి తనకు. రెండోదాని పలక బిగించే ముందు చెవి సందులోంచి పెన్సిలు తీసి, లోపలి గోడ మీద 'నాది' అని రాశాడు. రాశాక తనకే సిగ్గేసింది. పలక పెట్టి పన్నెండు స్క్రూలూ బిగించేశాడు.

ఆ సాయంత్రం భార్య ఫోను పట్టుకుని వచ్చింది. ఆవిడ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఇంటికొచ్చినా కుడి చెయ్యి ఇంకా బట్ట మీద తిరుగుతున్నట్టే కొంచెం పక్కకి పెట్టుకుని నడుస్తుంది.

"ఏవండీ, ఫోను నిండిపోయిందంట. పోయిన నెల మీ ప్రోగ్రాం వీడియో ఇది ఉంచాలా, తీసెయ్యాలా? ఇదే సగం తింటోంది."

"తీసెయ్ గానీ, ఒకసారి చూడనీ."

హాలు చివర కుర్చీ ఎక్కి మరీ తీసింది పాపం. బొమ్మ ఊగుతోంది గానీ శబ్దం స్పష్టంగానే ఉంది. రెండు పాటలు తృప్తిగా చూశాడు. జుట్టు పల్చబడ్డ మాట నిజమే గానీ నిలబడే తీరు ఇంకా బాగానే ఉందనుకున్నాడు. మూడో పాట వచ్చింది. ఆ రోజు ఆ పాట మధ్యలోనే తీగ తెగింది. లావు తీగ, వాయించే భాగమంతా దాని మీదే. అందుకే మూడో పాటంటే బాగా గుర్తు. ఇదిగో, తెగింది. తెర మీద తాను కిందికి వంగి, తెగిన కొసను పీకి, గాయకుడి వైపు చూసి చెయ్యెత్తాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు వరసలు అసలు వాయించలేదు.

శబ్దం తగ్గలేదు.

రెండు గిటార్లూ అలాగే మోగుతున్నాయి, చెరోవైపూ, గోడల్లా. వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. ఫోను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. తన చెయ్యి గాల్లో ఉంది, తన భాగం నడుస్తోంది. పైగా ఆ చిటికెన వేలి చోటు వచ్చినప్పుడు గిటారు ఎక్కడా తడబడకుండా గంటలా పలికింది. నాలుగేళ్ళుగా తనకు అందని చోటది.

"ఇందులో నేను వాయించేది నీకు వినబడుతోందా?" అన్నాడు.

ఆవిడ ఫోను వైపు చెవి ఒగ్గి విని, నిజాయితీగా అంది. "మీదేదో, ఆ అబ్బాయిదేదో నాకేం తెలుసండీ? నాకంతా కలిపి రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టుంటుంది. ఏం, బాలేదా?"

"బాగుంది. చాలా బాగుంది."

"మరి ఉంచెయ్యనా?"

లేచి వెళ్ళి పంపు కింద మొహం కడుక్కున్నాడు. తల కొట్టేసినట్టయింది ఆయనకు. కడుక్కున్న మొహాన్నే మళ్ళీ కడుక్కున్నాడు.

బ్యాండు గాయకుణ్ణి అందరూ ఉరుము అంటారు. పాడితే ఉరుమే గానీ మామూలుగా మాట్లాడితే పక్క మనిషికి కూడా వినబడదు. టైర్ల కొట్టు ఆయనది. ఇద్దరూ పదిహేడో ఏట ఒక గిటారునే వంతులేసుకుని నేర్చుకున్నారు. మర్నాడు పొద్దున్నే మేస్త్రి వెళ్ళేసరికి ఉరుము నీళ్ళ తొట్టి ముందు గొంతుక్కూచుని, గాలి నింపిన ట్యూబును నీళ్ళలో ముంచి తిప్పుతున్నాడు, బుడగలు ఎక్కడొస్తాయా అని.

"పెట్టెలు అయిపోయాయా?"

"రంగు ఆరుతోంది. పోయిన నెల నా తీగ తెగింది, గుర్తుందా?"

"గుర్తులేకేం. మిగతా తీగలతోనే లాగించేశావు. మొనగాడివి."

"తెగినట్టు వీడియోలో కనబడుతోందిరా. వినబడట్లేదు."

ట్యూబు నీళ్ళలో మెల్లగా తిరిగింది. ఒకచోట సన్నగా బుడగలు లేచాయి. ఉరుము చేతిలో గుర్తు పెట్టే సుద్దముక్క ఉంది. గుర్తు పెట్టలేదు. బుడగల్ని చూస్తూ ఉండిపోయాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు మేస్త్రి.

"రెండేళ్ళు కావస్తోంది."

"అంటే నేను వాయించేది ఎవరికీ…"

"నీకు వినబడుతుంది. నీ కాళ్ళ ముందు నేల మీద పెడతారే, ఆ చిన్న పెట్టెలో నీది నీకొస్తుంది. జనాలకి మాత్రం వదలట్లేదు. నీ భాగం కూడా కుర్రాడే వాయించి కంప్యూటర్లో పెట్టాడు. పాటతో పాటు అది నడుస్తుంది."

"నా భాగం! నేను కట్టిన భాగంరా అది!"

"నువ్వు కట్టిందే. కాదన్నానా?"

"ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్నా? ఆ పెట్టెలు కూడా నా చేతే చేయించావే, నీకసలు సిగ్గుందా?"

ఉరుము ట్యూబు వదిలేసి లేచాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు, తుడుచుకున్నవే మళ్ళీ తుడుచుకున్నాడు. "నిన్ను తీసేద్దామన్నారు వాళ్ళు. అందరూ ఒక్క మాట మీదున్నారు. వాడు లేకపోతే నేనూ లేనని నేనే అడ్డం పడ్డా. అప్పుడు ఇదిగో, దీనికి ఒప్పుకున్నారు."

"నాతో ఒక్క మాట చెప్తే నోరు పడిపోయేదా?"

"ఏమని చెప్పేది? ఆ రెండు సాయంత్రాలే కదరా నీకున్నవి!"

అంత మెల్లగా మాట్లాడే మనిషి ఆ మాట కొంచెం గట్టిగానే అన్నాడు. రోడ్డు మీద స్కూటరు పట్టుకుని నిలబడ్డ మనిషి ఇటు చూశాడు. మేస్త్రికి కోపం రావాల్సిన చోట కోపం రాలేదు, ఏడుపొచ్చింది. అసలు అడగాలనుకోనిది అడిగాడు.

"ఆ రెండో స్క్రూల పెట్టె మరి?"

"బాస్ గిటారుకి."

"ఓహో."

"శనివారం వస్తావు కదరా? నువ్వు పక్కన లేకపోతే నాకు గొంతు లేవదు. ఒట్టు."

మేస్త్రి నీళ్ళ తొట్టిలోకి వంగి, బుడగలొచ్చే చోట తానే సుద్దతో గుర్తు పెట్టి, ట్యూబును ఉరుము చేతిలో పెట్టి వచ్చేశాడు.

ఆ రోజంతా పనిలో చెయ్యి ఆడలేదు. ఒక సొరుగు పిడి అటుది ఇటు బిగించాడు. ఎవరితోనైనా చెప్పుకుంటే గానీ గుండె బరువు దిగేలా లేదు. భార్యతో చెప్పుకోవడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వాడిపోయిన మొహంతో ఆలోచించగా ఆలోచించగా ఒక్కడు గుర్తొచ్చాడు. బ్యాండులో మొట్టమొదట బాస్ గిటారు వాయించినవాడు. మనిషి రివటలా ఉండేవాడు గానీ లావు తీగలు వాయిస్తాడని వాణ్ణి లావుతీగ అనేవాళ్ళు. ఎవరు తప్పు వాయించినా నోటితో ఏమీ అనేవాడు కాదు, ఎడమ కన్ను చిట్లించేవాడు, అంతే. దాంతోనే సిగ్గుతో చచ్చేవాళ్ళు. ఇప్పుడు లిఫ్టులు బాగుచేస్తున్నాడు.

ఫోను చేస్తే ఒక ఎనిమిదంతస్తుల మేడ పేరు చెప్పాడు. లిఫ్టు ఆపేసి పని చేస్తున్నాడు కాబట్టి మేస్త్రి మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ మేడ మీది మోటారు గదికి చేరాడు. లావుతీగ నిజంగానే లావెక్కాడు. మోకాళ్ళ మీద కూచుని ఇనుప తాళ్ళను ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, దెబ్బతిన్న పోగులున్నాయేమోనని గోటితో గీకి చూస్తున్నాడు.

"అన్ని మెట్లెక్కి వచ్చావంటే ఎవరో పోయుండాలి" అన్నాడు.

"నేనే పోయాను."

అంతా చెప్పాడు మేస్త్రి. తెగిన తీగా, కంప్యూటరూ, 'నాది' అని రాసుకున్న పెట్టె కూడా దాచకుండా చెప్పాడు. చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకున్నాడు. లావుతీగ తుడవడం ఆపలేదు. ఒక తాడు అయిపోయాక రెండోది, రెండోది అయిపోయాక మూడోది.

"రెండేళ్ళురా! పక్కనే నిలబడి, భుజం మీద చెయ్యేసి మరీ! మనుషులేనా వాళ్ళు? పగవాడికి కూడా ఎవడైనా ఇలా చేస్తాడా?"

"చేస్తారు" అన్నాడు లావుతీగ. "నువ్వు చెయ్యలేదూ?"

"నేనా?"

"నా యాంప్లిఫయరు సౌండు నాబ్. దాని మీది టోపీ పీకి, లోపలి కాడను సున్నా దగ్గరికి తిప్పి, టోపీని అయిదు మీద ఉన్నట్టు మళ్ళీ తగిలించావు. పైకి చూస్తే అయిదు. లోపల సున్నా."

మోటారు గదిలో గ్రీజు వాసన ఒక్కసారిగా ఎక్కువైనట్టనిపించింది మేస్త్రికి. మర్చిపోయాడని కాదు. ఎవరూ చూడలేదనుకున్నాడు. వీడు తాళం తప్పుతున్నాడని, చెప్తే బాధపడతాడని, నలుగురి మంచికేనని చేసిన పని. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా నిద్ర చెడగొట్టని పని.

"నీకెలా తెలుసు?"

"బాస్ మోత కడుపులో తగలాలిరా. తగల్లేదు. మొదటి పాటకే తెలిసిపోయింది."

"నేనని ఎలా తెలుసు?"

"టోపీ మీద వార్నిష్ వేలిముద్ర. మనలో వడ్రంగివి నువ్వొక్కడివే."

కింద ఏ అంతస్తులోనో ఎవరో లిఫ్టు మీట పదే పదే నొక్కుతున్నారు. లావుతీగ తలుపు సందులోంచి "పని జరుగుతోందమ్మా, ఇంకో గంట!" అని అరిచి వచ్చి మళ్ళీ కూచున్నాడు.

"ఆ తర్వాత పదకొండు నెలలు వాయించావు మాతో" అన్నాడు మేస్త్రి. ఆయన గొంతు ఆయనకే కొత్తగా ఉంది.

"ఆఁ."

"తెలిసీ ఎందుకు వచ్చావురా?"

"ఎక్కడికి పోను? వాయించాక అందరం మెట్ల మీద కూచుని టీ తాగేవాళ్ళం కదా. అది బాగుండేది." నాలుగో తాడు అందుకున్నాడు. "తర్వాత పెళ్ళయింది. ఇంట్లో టీ ఇచ్చే మనిషి వచ్చింది. మానేశాను."

క్షమించరా అనాలనుకున్నాడు మేస్త్రి. తనదాకా వస్తే గానీ తెలియదంటారు, తనదాకా రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. పక్కనున్న గుడ్డ తీసుకుని అయిదో తాడు తుడవబోతే లావుతీగ చేతి మీద ఒకటి వేశాడు.

"పై నుంచి కిందికి తుడవాలి. పోగు గుచ్చుకుంటే ఇంకో వేలు పోద్ది నీకు."

మిగిలిన తాళ్ళు ఇద్దరూ కలిసి తుడిచారు. మేస్త్రి వెళ్ళబోతుంటే లావుతీగ అడిగాడు, "శనివారం ఎన్నింటికి?"

"మూడున్నరకి. నేను వెళ్తానో లేదో నాకే తెలీదు."

"వెళ్తావులే. నేనూ వస్తా. చెవులకెలాగూ పని లేదంటున్నావు, నీ చేతుల్నైనా ఎవడో ఒకడు చూడాలి కదా."

శనివారం లాండ్రీకి బట్టలు ఎక్కువొచ్చే రోజు, భార్యకు సెలవు దొరకలేదు. పుర్రెబొమ్మ ఉన్న నల్ల చొక్కాను మాత్రం కత్తిలాంటి మడతలు పెట్టి ఇస్త్రీ చేసి గుమ్మం దగ్గర తగిలించి వెళ్ళింది. పుర్రె నడినెత్తి మీదుగా కూడా ఒక మడత ఉంది. మేస్త్రి దాన్ని వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. వెళ్ళకుండా ఉండిపోవచ్చు. ఉండిపోతే ఈ సాయంత్రం ఏం చెయ్యాలి, మంగళవారం సాయంత్రం ఏం చెయ్యాలి, ఆ తర్వాతి సాయంత్రాలన్నీ ఏం చెయ్యాలి? గిటారు సంచి భుజాన వేసుకుని తాళం పెట్టాడు.

మైదానంలో రెండువందల మంది ఉంటారేమో. సగం మంది ఎండకు దుకాణాల నీడల్లో ఉన్నారు. స్టేజి మీద పెట్టెలు నాలుగేసి చొప్పున రెండు వరసలుగా నిలబడి ఉన్నాయి, నల్లగా, నున్నగా. చూడ్డానికి భలే ఉన్నాయి, ఆ మాటకొస్తే అంతకంటే మంచి పెట్టెలు ఆయన చెయ్యలేదు. వెనక్కి వెళ్ళి చూశాడు. తన యాంపు కింద ఉన్నదానికి స్క్రూలు లేవు. తన వైరు పలక వెనక చక్కగా చుట్ట చుట్టి టేపు వేసి ఉంది. స్క్రూలున్న రెండిట్లో ఒకటి కుర్ర గిటారువాడి వెనక, ఒకటి బాస్ వాడి వెనక.

"అంకుల్, అంతా ఓకేనా?" అన్నాడు కుర్ర గిటారువాడు. మర్యాదస్తుడు. మొహంలోకి చూడలేదు.

"ఓకే నాయనా."

ఉరుము వచ్చి మేస్త్రి భుజం పట్టుకుని వదిలేశాడు. డ్రమ్ములు మొదలయ్యాయి.

మొదటి పాట మధ్యలో మేస్త్రి కాలితో నేల మీది చిన్న పెట్టె ప్లగ్గు ఊడదీశాడు. తన గిటారు తనకు ఆగిపోయింది. రెండేళ్ళలో మొదటిసారి, జనం వింటున్నదే తానూ విన్నాడు. బాగుంది. అదే చావు. తన భాగం ఎక్కడా వదులు లేకుండా, అంచులు కలిసిన అల్మారా తలుపులా ఉంది. ఇన్నేళ్ళూ తన తలలో మోగిన పాట ఇదే, తన చేతుల్లోంచి ఒక్కనాడూ ఇలా రాలేదు. తాను లేకపోవడం వల్లే ఇంత బాగుందన్న సంగతి దిగమింగలేకపోయాడు. చేతులు మాత్రం ఆగలేదు. వాటికి వేరే పని రాదు. ప్రతి వరసా వాయించాడు, ఎవరికీ వినబడని ప్రతి వరసా వాయించాడు, ఎండకు కళ్ళలోకి చెమట దిగుతుంటే.

రెయిలింగు దగ్గర ముందు వరసలో, పని చొక్కాతోనే, లావుతీగ నిలబడి ఉన్నాడు. తల ఊపే కుర్రాళ్ళ మధ్య కదలకుండా, మేస్త్రి ఎడమ చేతినే చూస్తున్నాడు.

మూడో పాట. ఆ చోటు వచ్చింది. మేస్త్రి చిటికెన వేలు ఎంత చాపగలడో అంత చాపాడు. మైదానంలో ఆ స్వరం గంటలా పలికింది, జనం చేతులెత్తారు. ఆయన వేలు మాత్రం తీగకు బియ్యపు గింజంత ఇవతల పడింది.

లావుతీగ ఎడమ కన్ను చిట్లించాడు.

కచేరీ అయ్యాక తర్వాతి బ్యాండు వాళ్ళు తొందరపెడుతుంటే మేస్త్రి పెట్టెలు దింపుతున్నాడు. లావుతీగ రెయిలింగు కింద నుంచి దూరి వచ్చాడు.

"మూడో పాటలో చూశావుగా" అన్నాడు మేస్త్రి, తలెత్తకుండా. "ఆ వేలు పోయిన దగ్గర్నుంచీ అక్కడ అందదురా."

"ఏ వేలు?"

"ఇదిగో, ప్లేనరు తినేసింది కదా, నాలుగేళ్ళయింది."

లావుతీగ ఆ వేలును పట్టుకుని, తాడు పోగు చూసినట్టే అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీని తప్పేం లేదు. మనం మెట్ల మీద టీ తాగిన రోజుల్లోనూ నీకక్కడ అందేది కాదు."

"అందేది."

"నీ పక్కనే కదరా నిలబడ్డాను పదకొండు నెలలు. నాది మోగేది కాదు కాబట్టి, నీదే వింటూ ఉండేవాణ్ణి. ఒక్కసారి కూడా అందలేదు."

మేస్త్రి వేలు వెనక్కి లాక్కున్నాడు. నాలుగేళ్ళ నుంచి తిడుతూ వచ్చిన ఆ ప్లేనరు మిషను కళ్ళ ముందు మెదిలింది. దాన్ని తిట్టుకునే వీలు కూడా లేకుండా పోయింది ఇప్పుడు. ఏడవాలో నవ్వాలో తెలియక, తాను వాయించినంతసేపూ తన వెనక నిలబడ్డ పెట్టె అంచున చెయ్యి వేశాడు.

"అటువైపు పట్టు" అన్నాడు.

లావుతీగ నడుం వంచి, బరువుకు సిద్ధమై పట్టుకుని లేపాడు. తేలిగ్గా లేచి వచ్చింది. ఒక్కడే చంకన పెట్టుకుని పోగలిగేంత తేలిక. ఇద్దరూ చెరోవైపూ పట్టుకుని లారీ దాకా నడిచారు.